దిబ్బ మీది దారి

ఆయన పోయి రెండు నెలలవుతోంది. ఇప్పటికీ ఎవరైనా షాపు తలుపు తోసుకుని లోపలికి వస్తే చాలు, తలెత్తకుండానే "చెయ్యి పెట్టొద్దు సార్, జిగురింకా ఆరలేదు" అనేస్తున్నాను. మొన్న ఒక ఒమానీ పెద్దాయన మనవడి ఫోటోకి ఫ్రేము కట్టించుకోవడానికి వస్తే ఆయనకూ అదే చెప్పాను. పాపం, ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడిపోయాడు.

నేను మస్కట్‌లో, వాడి కబీర్ అనే పేటలో ఫ్రేములు కడతాను. పద్నాలుగేళ్లుగా అదే షాపు, అదే బల్ల. పోయినాయన చిత్రకారుడు, ఊరికి అటు చివరున్న సీబ్ నుంచి తనే కారు నడుపుకుంటూ వచ్చేవాడు. వచ్చినవాడు కుర్చీలో కూర్చోవచ్చు కదా? లేదు. బల్ల చుట్టూ ప్రదక్షిణాలు. జిగురు డబ్బా మూత తీసి వాసన చూడ్డం, అప్పుడే కలిపిన మూలని బొటనవేలితో నొక్కడం, గోడకానించిన చెక్క పట్టీల్ని ఒక్కొక్కటే తీసి తలకిందులుగా పెట్టడం. నేను గట్టిగా "సార్!" అంటే ఉలిక్కిపడి రెండు నిమిషాలు ఊరుకునేవాడు. మూడో నిమిషంలో మళ్లీ మొదలు. ఒట్టేసి చెబుతున్నాను, ఆయన వచ్చి వెళ్లిన రోజు నాకు ఏ పనీ తెమిలేది కాదు.

ఇంట్లోనూ అంతేనని మంగమ్మక్క చెప్పేది. ఆయనకు వండిపెట్టి ఇల్లు చూసుకున్నది ఆవిడే. ఆవిడది గోదావరి జిల్లా, నాది కడప జిల్లా. ఫ్రేములు తీసుకెళ్లడానికి ఆయనతోపాటు వచ్చినప్పుడల్లా నా దగ్గర గోడు వెళ్లబోసుకునేది.

"కాసేపు కుదురుగా కూకుంటే ఈయన సొమ్మేం పోద్దో తమ్ముడూ! టీ ఇత్తే కప్పు ఓ గదిలో, సాసరు ఓ గదిలో, మడిసేమో మేడ మీద. ఎండలో! అయ్యబాబోయ్, నా వల్ల కాదు బాబూ."

ఆయనది వేల్స్. పొరపాటున ఇంగ్లండ్ అన్నామో, కొట్టినంత పని చేసేవాడు. "ఇంగ్లండ్ కాదు, దాని పక్కది" అని గాల్లో ఒక గీత గీసి, ఆ గీతకు ఇవతల వేలు పెట్టి చూపించేవాడు. ఇంగ్లీషు ఆయనకు ఇంటి భాష కూడా కాదట, బడికి వెళ్లాక నేర్చుకున్నాడట. అది విన్నాక నాకు ఆయన ముందు ఇంగ్లీషు మాట్లాడాలంటే ఉన్న భయం సగం పోయింది. ఒక స్కూల్లో డ్రాయింగ్ చెప్పడానికి మస్కట్ వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయాడు. ఎందుకుండిపోయారని అడిగితే ఒక్కోసారి ఒక్కో కారణం చెప్పేవాడు.

బొమ్మ వేసే పద్ధతి మాత్రం నేను ఇంకెక్కడా చూడలేదు. కొండ ముందు నిలబడి గంటసేపు కళ్లార్పకుండా చూస్తాడు. తర్వాత దానికి వీపు పెట్టి, ప్లైవుడ్ బోర్డు మీద గీకడం మొదలుపెడతాడు. చూస్తూ వేస్తే కొండ మోసం చేస్తుందట. బ్రష్షులున్నా వాటి మొహం చూసేది తక్కువే, నా బల్ల మీద నుంచి లప్పం పట్టే బ్లేడు ఒకటి ఎత్తుకెళ్లి దాంతోనే రంగు పులిమేవాడు. పూర్తయిందనుకోగానే "ఖలాస్!" అని అరబ్బీలో ఒక కేక. మర్నాడు పొద్దున మళ్లీ ఆ బ్లేడు పట్టుకుని వచ్చేవాడు. నేను ఫ్రేము కట్టేసిన బొమ్మల మీద కూడా గీకాడు మహానుభావుడు.

ఇక్కడి కొండలు వేసేవాడు గానీ ఇక్కడి ఎండని తిట్టని రోజు లేదు. "ఈ ఎండ అన్నీ ఒకేసారి చెప్పేస్తుంది. మా దగ్గర కొండ రెండు మబ్బుల మధ్య పది నిమిషాలు కనిపిస్తుంది. ఆ పది నిమిషాల కోసం పొద్దంతా తడుస్తూ నిలబడాలి" అనేవాడు. ఆ తడిసేవాళ్ల బొమ్మల్ని ఫోన్లో చూపించేవాడు. అక్కడ ఇప్పుడు పేరున్న చిత్రకారులంట వాళ్లు. ఒకావిడ ఇరవై ఏళ్లుగా ఒకే కిటికీలోంచి ఒకే సముద్రం వేస్తోంది. ఒకాయన కొండల మీది చెరువులు తప్ప ఇంకేమీ వెయ్యడు, మంచు పడితే గుడారం వేసుకుని మరీ వేస్తాడు. ఇంకొకాయన గొర్రెల మంద ఉన్న పచ్చిక వేశాడు. నాకు బాగుందనిపించి బాగుందన్నాను. "ఏం బాగు? వీడు గొర్రెని ఎప్పుడూ ఎత్తుకోలేదు, కాళ్లు చూడు!" అని ఫోన్ లాక్కున్నాడు. అసూయ అని ఆయన మొహం మీదే అన్నాను. అవునన్నాడు. వాళ్లు ఉండిపోయారు, నేను వచ్చేశాను, అందుకే అసూయ అన్నాడు.

పోయిన చలికాలం ఆయనకొక ఉత్తరం వచ్చింది. ఆయన పుట్టిన ఊరి పక్క పట్నంలో చిత్రప్రదర్శన పెడుతున్నారు. ఆ ప్రాంతపు చిత్రకారులు తలా ఒక్క బొమ్మ ఇవ్వాలి, అదీ తాము పుట్టిన నేల బొమ్మ. కిటికీ ఆవిడా, చెరువులాయనా, గొర్రెలాయనా అందరూ ఇస్తున్నారు. ఆయన్ని పిలవడం ఇదే మొదటిసారి. ఆ రోజు షాపులో ఆయన నడిచిన నడక లెక్కేస్తే వంద కిలోమీటర్ల అవతలున్న అల్ సువైక్ దాకా చేరి ఉండేవాడు.

"ముప్పై ఏళ్లు ఎండలో ఎండినవాడు వానని ఏం వేస్తాడు అంటారు. అననివ్వను" అన్నాడు.

మూడు వారాల తర్వాత దుప్పట్లో చుట్టి ఒక బోర్డు తెచ్చాడు. విప్పాడు. చేతిలో సుత్తి పక్కన పెట్టేసి వంగి చూశాను.

నల్లటి రాళ్ల గుట్ట. రాళ్లంటే గుండ్రటివి కావు, పొరలు పొరలుగా పగిలిన బండ ముక్కలు. వాటి మీద తడి మెరుపు. గుట్ట కింద చిన్న చిన్న ఇళ్లు, గోడలూ ఆ రాయే, కప్పులూ ఆ రాయే.

"సార్, ఇది మా ఊరు గదా!" అన్నాను. మాది ఎర్రగుంట్ల దగ్గర. నాపరాళ్ల గనుల మధ్య పుట్టినవాణ్ణి. ఇంటి నేలా అదే, గోడా అదే, పశువుల కొట్టం కంచె కూడా నిలబెట్టిన బండలే. "మా ఊరి బొమ్మ మీకెట్లా దొరికింది?"

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. అది వాళ్ల ఊరి పలకరాయి గని. గనిలోంచి తీసిన రాయిలో పదో వంతు కూడా పనికిరాదట, మిగతాదంతా పోసీ పోసీ ఊరికంటే ఎత్తు దిబ్బలయ్యాయట. వాళ్ల నాన్న జీవితమంతా ఆ దిబ్బ మీద రాయి పారబోసే పనిలోనే ఉన్నాడు. చివరికి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి పోయాడు.

మా నాయన కూడా అంతే సార్ అన్నాను. అంతటితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది! నా నోరు ఊరుకోదు. నాకు తెలిసిన విషయంలో ఎదుటివాడు తప్పు చేస్తే నాకు నిద్రపట్టదు.

"కానీ సార్, దిబ్బ తప్పు."

"ఏమిటి తప్పు?"

"కొండ మాదిరి మొన తేలింది. దిబ్బ అట్ట పుట్టదు. మనిషి ఒంటి చక్రం బండిలో రాయి ఏసుకుని దిబ్బ మీదనే నడిచిపోతాడు. చివరికంటా పోయి పారబోస్తాడు. రేపొచ్చి ఇంకో అడుగు ముందుకు పోయి పారబోస్తాడు. అందుకే దిబ్బ నాలుక మాదిరి చాచుకుని పోతాది. పైన చదరంగా దారి ఉంటాది. దారి లేని దిబ్బ ఉండదు సార్."

ఆయన తిరగడం ఆపేశాడు. మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. బొమ్మనే చూస్తూ, "దారి మర్చిపోయాను" అన్నాడు. "రాళ్లు గుర్తున్నాయి. వాన గుర్తుంది. ఆయన నడిచిన దారి మర్చిపోయాను." కంట్లో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు కూడా.

ఆ మర్నాటి నుంచి నాకు శని పట్టింది. రోజూ వచ్చేవాడు. దారి ఎంత వెడల్పు? చివర మట్టి దిగబడుతుందా? ఖాళీ బండిని తోసుకుంటూ వస్తారా, లాక్కుంటూ వస్తారా? చెప్పింది చాలదు. చూడాలట. వాళ్ల ఊరు వెళ్దామంటే డాక్టరు విమానం ఎక్కొద్దన్నాడు, గుండె బాగాలేదు. ఆ సంగతి నాకు మంగమ్మక్క చెప్పింది.

"మాత్తర్లు ఏసుకోమంటే దిబ్బ అంటాడు, అన్నం తినమంటే దిబ్బ అంటాడు. ఏం మందెట్టావ్ తమ్ముడూ ఆయనకి? నువ్వే ఏదోటి సెయ్యి, లేపోతే ఈ మడిసి దక్కడు."

ఒక శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. సువైక్ దాటక ముందే కొండల వైపు తిరిగితే ఒక రాతి క్వారీ ఉంది, మా జగిత్యాల రూమ్మేట్ ఒకడు అక్కడ డ్యూటీ చేసి వచ్చాడు. సెలవు రోజు కాబట్టి మిషన్లు ఆగి ఉన్నాయి. కాపలా ఉన్న పఠాన్ ముసలాయన్ని బతిమాలితే గంట టైమిచ్చాడు. వెనకవైపు వేస్టు రాయి పోసిన దిబ్బ. పక్కనే ఒంటి చక్రం బండి ఒకటి బోర్లా పడి ఉంది.

ఆయన దాన్ని నా ముందుకు తోశాడు.

పదో క్లాసు తప్పిన ఎండాకాలం మా నాయన నన్ను గనికి తీసుకుపోయాడు. పదకొండు రోజులు చేశాను. పన్నెండో రోజు పారిపోయి ప్రొద్దుటూరులో ఒక ఫోటో స్టూడియోలో చేరాను, అక్కడే ఈ పని నేర్చుకున్నాను. మళ్లీ జన్మలో బండి పట్టనని ఒట్టేసుకున్నవాణ్ణి, ముప్పై ఏళ్ల తర్వాత, ఒమాన్‌లో, సెలవు రోజు, ఇస్త్రీ చొక్కాతో బండలు ఎత్తి బండిలో వేశాను.

ఒకసారి పోయి పారబోసి వచ్చాను. "మళ్లీ" అన్నాడు. పోయి వచ్చాను. "మళ్లీ." నాలుగోసారికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆయన చెయ్యి కూడా కదపడం లేదు, ఊరికే చూస్తున్నాడు. ఆరోసారి "మళ్లీ" అనేసరికి నాకు తిక్క రేగింది. బండి అక్కడే వదిలేసి తెలుగులో అందుకున్నాను.

"ఏందబ్బా నీ పీడ! నేనేమన్నా నీ కూలోణ్ణా? తప్పని చెప్పడమే నాది తప్పయిపాయ! నువ్వూ నీ దిబ్బా మట్టిగొట్టుకపోనీ!"

ఆయనా ఊరుకోలేదు. వాళ్ల భాషలో గొంతు చించుకుని ఏవేవో అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తిట్లు తిట్లలాగే ఉన్నాయి. పఠాన్ లేచి నిలబడి ఎవరిని పట్టుకోవాలో తెలీక ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అరిచి అరిచి ఆయనకు ఆయాసం వచ్చింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని రాళ్ల మీద చతికిలబడ్డాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నీళ్లు తాగించాను.

"మా నాన్న ఎలా నిలబడేవాడో నాకు గుర్తు లేదు" అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా. "ఇంటికొచ్చాక కూర్చున్న మనిషే గుర్తు. పనిలో ఉన్న మనిషిని నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. చూడాలని అప్పుడు అనిపించలేదు."

మళ్లీ బండి నింపుకున్నాను. ఏడోసారి వెళ్లాను. చివరికంటా వెళ్లి బండి ఎత్తి పారబోసి, అలవాటు లేని పని కాబట్టి నడుం పట్టేసి, కుడి చెయ్యి మడిచి వెనక నడుం మీద ఆనించుకుని రెండు ఊపిరులు నిలబడ్డాను.

"అలాగే! కదలకు!" అని కింద నుంచి కేక.

అప్పుడు తెలిసింది నాకు. ఆ చెయ్యి నాది కాదు. మా నాయన దిబ్బ చివర అట్లాగే నిలబడేవాడు. గనంతటికీ మేస్త్రీ కేక చేరని చోటు అదొక్కటే. రోజు మొత్తంలో ఆయనకు దొరికిన విశ్రాంతి ఆ రెండేసి ఊపిరులే. ఈ సంగతి నేను సార్‌తో అనలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన అప్పటికే నాకు వీపు పెట్టి బోర్డు మీద గీకుతున్నాడు.

బొమ్మ పది రోజుల్లో అయింది. దిబ్బ నాలుకలా సాగి బోర్డు కుడి అంచుదాకా వెళ్లింది. పైన తడిసిన దారి. దారి చివర, బోర్డుకీ అదే చివర, వడ్లగింజంత మనిషి. ఖాళీ బండి పక్కన పెట్టుకుని, నడుం మీద చెయ్యి మడిచి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మేకు మొనతో గీశాడట ఆ మనిషిని. "ఈ గుట్టంతా వేసింది వీడి కోసం" అన్నాడు. ఖలాస్ అనలేదు. పేరేం పెడుతున్నారంటే తర్వాత రాస్తానన్నాడు.

బొమ్మ అయిన నాలుగో రోజు ఆయన్ని హాస్పిటల్లో చేర్చారు. బొమ్మ ఆ వారమే కార్గోలో వెళ్లాలి. నేనే ఫ్రేము కట్టాను. నల్ల చెక్క, ఈ పద్నాలుగేళ్లలో అంత శ్రద్ధగా ఏదీ కట్టలేదు. సాయంత్రం చూడ్డానికి వెళ్తే ఆయన ముక్కుకి గొట్టంతో ఉన్నాడు. కాళ్లు మాత్రం దుప్పటి కింద కదులుతూనే ఉన్నాయి.

"ఎలా ఉన్నాడు వాడు?" అన్నాడు.

"బ్రహ్మాండంగా నిలబడినాడు సార్."

కళ్లు మూసుకున్నాడు. కాళ్లు ఆగాయి. రెండు రోజుల తర్వాత మంగమ్మక్క ఫోన్ చేసి ఏమీ చెప్పకుండా ఏడ్చింది.

ప్రదర్శన మొదలయ్యాక ఆయన మేనకోడలు గోడ మీద వేలాడుతున్న బొమ్మ ఫోటో తీసి మంగమ్మక్కకు పంపింది. అక్క నాకు పంపింది. నా ఫ్రేము, నాలుగు మూలలూ వెంట్రుక దూరనంత గట్టిగా కలిశాయి. మురిసిపోయి, దారి చివరి మనిషిని చూద్దామని ఫోటో పెద్దది చేశాను. దిబ్బ ఉంది. దారి ఉంది. మనిషి లేడు.

ఏ ఫ్రేమైనా బొమ్మని చుట్టూ పావు అంగుళం మింగుతుంది. బొమ్మ జారిపోకుండా పట్టుకునేది ఆ పావు అంగుళమే. ఆయన బొమ్మలన్నిటికీ చుట్టూ ఖాళీ అంచు వదిలేవాడు, నా చెయ్యి ఆ కొలతకు అలవాటు పడింది. ఈ ఒక్కదానికి ఆయన వదల్లేదు. పనయ్యాక తిప్పి చూడలేదా అంటారేమో. చూశాను. మూలలు చూశాను. ఫ్రేము కట్టేవాడు చూసేది మూలలే. చావబోతున్న మనిషి వాడెలా ఉన్నాడని అడిగితే, వాణ్ణి చెక్క కింద పూడ్చేసి వచ్చి, బ్రహ్మాండంగా నిలబడినాడన్నాను.

మూడు రోజులు అన్నం సయించలేదు. ఎవరికీ చెప్పకుండా ఉండిపోదామా అని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు. ఎవరికి తెలుస్తుంది? చివరికి అక్క దగ్గర నంబరు తీసుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో ఆ మేనకోడలమ్మాయికి అంతా రాశాను. ఫ్రేము విప్పించండి, కుడి చివర ఒక మనిషి ఉంటాడు, తప్పు నాది అని.

మర్నాడు జవాబొచ్చింది. విప్పారు. ఫోటోలో బల్ల మీద బొమ్మ, అంచున ఆ మనిషి. దాని కింద ఆ అమ్మాయి రాసింది. వాళ్ల అమ్మ, అంటే ఆయన అక్క, ఎనభై దాటిన మనిషి, పొద్దుటి నుంచి ఆ బల్ల దగ్గరే కూర్చుని ఉందట. పనిలో ఉన్న తండ్రి ఫోటో వాళ్లింట్లో ఒక్కటి కూడా లేదట. "ఇది మా నాన్నేనా అని అమ్మ అడుగుతోంది. కాకపోతే కాదనే చెప్పమంటోంది. మామయ్య మీతో ఏమైనా అన్నాడా?"

మా ఇంట్లో మాత్రం ఎక్కడుంది? మా నాయనది ఉన్నదల్లా రేషన్ కార్డు మీది మొహమే. నేనిక్కడ ఉండగానే దగ్గి దగ్గి పోయాడు, మట్టికి కూడా అందలేదు. పని చేస్తున్న మా నాయన ఈ భూమ్మీద ఉన్నది ఆ బోర్డు అంచున ఒక్కచోటే. "మా నాయన" అని కొట్టాను. చెరిపాను. మళ్లీ కొట్టాను. షాపులో అటూ ఇటూ తిరిగాను, పట్టీలన్నీ తిప్పి పెట్టాను. ఆ ముసలామె అక్కడ బల్ల ముందు కూర్చునే ఉంటుంది కదా.

"అవునమ్మా, మీ తాతే. ఈసారి ఫ్రేము కట్టేవాడికి కుడివైపు ఖాళీ వదలమని చెప్పండి" అని పంపించాను.

వెంటనే వాట్సాప్‌లో రెండు టిక్కులూ నీలంగా మారాయి. ఫోన్లో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ మనిషిని పెద్దది చేసుకుని చూస్తూ, షాపులో ఎవరూ లేరు కాబట్టి పైకే అన్నాను.

"ఏమనుకోవాకు నాయినా. ఆ ముసిలామెకాడ గూడా ఫోటో ల్యాదంట."